చెట్టు మీది ఎలుక తాగే నీళ్లు

గొర్లెపుట్టుగ, కవిటి దగ్గర
12 జూన్ 1999

అమ్మా కమలా,

మీ మేనత్త బుచ్చమ్మ దీవించి రాస్తున్నది. ఎవరిచేతా రాయించడం లేదు, నేనే రాస్తున్నాను. మూడో తరగతి చదువు, అక్షరాలు వంకర పోతాయి, సర్దుకుని చదువుకో. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ తారకేశం బాగున్నాడు, మా కోడలు బేబి బాగుంది.

నువ్వు మహేంద్రగిరి ఎక్కుతున్నావని తెలిసిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. మబ్బు లేని రోజున తోట దాటి గట్టు మీదకి పోతే పడమటి దిక్కున ఆ కొండ నీలంగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ అది ఉత్త కొండ. ఇప్పుడు దాని మీద నువ్వున్నావు. ఎలుగుబంట్లు ఉంటాయట కదా. మన కొబ్బరిచెట్లు ఎక్కే కూర్మయ్య ఏమన్నాడో తెలుసా? "కొండ మీద జొరమొస్తే దిగడానికి కాళ్లుండవప్పా" అన్నాడు. వాడు నోటికొచ్చింది అనేసి చెట్టెక్కి పోతాడు, కింద కూచుని గుండెలు బాదుకునేది నేను.

మా తమ్ముడు పోతూ పోతూ నిన్ను నా చేతిలో పెట్టాడు. టెక్కలి కాలేజీ అన్నావు, సరే అన్నాను. విశాఖపట్నం అన్నావు, సరే అన్నాను. ఎలుకలు పట్టడానికి కొండెక్కుతానంటే ఏమనాలి? మన అటక మీద లేవా ఎలుకలు? పక్కింటి బొడ్డమ్మ రోజూ అడుగుతుంది, "మీ కమలి ఏటి సదువుతన్నాదే?" అని. ఎలుకలని చెప్పడానికి నోరు రాక, "కొండల సదువు" అని చెప్పాను.

చలికోటు ఉందా? రగ్గు పంపమంటావా? చెప్పులేసుకుని తిరక్కు, బూట్లు వేసుకో. నీళ్లు కాచి తాగు. జవాబు రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

మీ అత్త
బుచ్చమ్మ


మందస
24 జూన్ 1999

అత్తా,

ఎలుగుబంటి ఇంకా కనిపించలేదు. కనిపిస్తే నీ పేరు చెబుతాను, అదే పరుగు పెడుతుంది.

నా పనేమిటో బొడ్డమ్మత్తకి ఇలా చెప్పు. కొండ అడుగు నుంచి శిఖరం దాకా ఎత్తు ఎత్తుకీ బోనులు పెడతాం. పైడిరాజు అని ఇక్కడాయన నాకు సాయం. సాయంత్రం ఎండుచేప ముక్క గుచ్చి వస్తాం, పొద్దున్నే వెళ్లి చూస్తాం. పడ్డదాన్ని తూచి, తోక కొలిచి, చెవికి గుర్తు పెట్టి, పట్టిన చోటే వదిలేస్తాం. ఒక వాగు అవతల వదిలినా లెక్క తప్పుతుంది. కొన్నిటిని మాత్రం కోసి కడుపులో తిండి ఏముందో చూస్తాం.

అడుగున చేల గట్లలో పందికొక్కులు. కొంచెం ఎక్కి వెదురు మొదలయ్యేసరికి అవి గీత గీసినట్టు ఆగిపోతాయి. అక్కడ ఒంటి మీద ముళ్లలాంటి బొచ్చున్న చిట్టెలుకలుంటాయి. ఇంకా పైన పెద్దచెట్ల అడవిలో ఒంటికంటే తోక పొడుగున్న సన్నటి ఎలుక ఉంది, అది కొమ్మ దిగదు. శిఖరం దగ్గర గడ్డి, గాలి, రాళ్లు. రాళ్ల కింద దట్టమైన బొచ్చువి కొన్ని. మనకి అది ఒక్క కొండ, వాటికి నాలుగు ఊళ్లు. ఒక ఊరివి ఇంకో ఊరు ఎందుకు వెళ్లవు? చలి పడకా, తిండి దొరక్కా, దాక్కునే చోటు లేకా? నా చదువంతా అదే.

ఇప్పుడు నాకు సముద్రం పక్కనుండే ఎలుకలు కావాలి. మన తోటలో కొబ్బరిచెట్ల మొవ్వుల్లో కాపురముండేవి కొన్ని, నేల మీద తిరిగేవి కొన్ని. కూర్మయ్యకి చెబితే పట్టిస్తాడు. బావ ఒకసారి వస్తే చూసినట్టూ ఉంటుంది.

రగ్గు ఉంది. బూట్లు ఉన్నాయి. నీళ్లు కాస్తున్నాను.

కమల


గొర్లెపుట్టుగ
11 జూలై 1999

అమ్మా కమలా,

ఈ ఉత్తరం, ఎలుకలు, రెండూ మీ బావ చేతిలోనే పంపుతున్నాను. కూర్మయ్య చెట్టు మీద బోను కట్టి రెండింటిని పట్టాడు. పందికొక్కులు మన పశువులశాల పక్కన దొరికాయి. బిస్కట్ల డబ్బాలకి చిల్లులు కొట్టించాను. దారిలో చచ్చిపోతాయేమోనని బెల్లం ముక్కలు వేశాను, అరిస్తే భయపడకండి.

వాణ్ణి రెండు రోజులు ఉంచుకో. తిండి మీద ధ్యాస తగ్గింది. అప్పడం, ఊరగాయ పెట్టకు. కూరలో ఉప్పు తగ్గించు. వేడి చేసింది, అంతే. కొండెక్కించకు, ఆయాసపడతాడు. అడిగితే బాగానే ఉన్నానంటాడు. నువ్వూ ఎక్కువ అడక్కు.

మీ అత్త


మందస
20 జూలై 1999

అత్తా,

ఎలుకలు బతికే వచ్చాయి. బావ వాటిని బస్సులో తెచ్చిన కథ చెప్పి పైడిరాజుని, నన్ను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. కండక్టరు డబ్బా మీద చెవి పెట్టి, "లోపల సరుకేటి బావూ, గీకుతన్నాది?" అన్నాడట. "సరుకు కాదు, పేసింజర్లు. మందసలో దిగిపోతారు" అన్నాడట ఈయన. పలాస దాకా ఆ సీట్లో ఎవరూ కూచోలేదట.

నవ్వుతూనే చూశాను. చెప్పులు విడిస్తే పాదాల మీద పట్టీల అచ్చు దిగబడి ఉంది. "కాళ్లేటి బావా ఇలాగున్నాయి?" అన్నాను. "బస్సులో నిలబడొచ్చినాను కదేటి" అన్నాడు. "మొహం కూడా నిలబడే వచ్చిందా?" అన్నాను. కళ్ల కింద ఉబ్బు. "నువ్వు ఎలుకల డాక్టరువి. మనిషి కాళ్లు నీకెందుకే, నాకు తోకుంటే కొలుసుకో" అన్నాడు. పైడిరాజు నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. పిక్క మీద వేలితో నొక్కితే గుంట పడింది, అది పూడటానికి చాలాసేపు పట్టింది.

ఉప్పెందుకు తగ్గించమన్నావు అత్తా? వేడి చేస్తే ఎవరూ ఉప్పు మానరు.

కమల


గొర్లెపుట్టుగ
2 ఆగస్టు 1999

అమ్మా కమలా,

నీకు చెప్పకూడదనుకున్నాను. కొండ మీద ఒక్కదానివి, అక్కడ కూచుని ఏడుస్తావని.

సోంపేటలో రక్తం చూశారు. రెండు కిడ్నీలూ పాడైపోతున్నాయన్నారు. బొడ్డమ్మ మొగుడు పోయిన జబ్బే. మన వీధిలో ఇప్పుడిది ప్రతి చూరు కింద ఉంది, ఎవరూ పేరు పెట్టి అనరు. అంటే పిల్లనివ్వరు, పిల్లని చేసుకోరు. బేబి వాళ్ల పుట్టింటికి కూడా చెప్పలేదు. డాక్టరు ఉప్పు వద్దన్నాడు, పప్పు తగ్గించమన్నాడు, మాత్రలిచ్చాడు. ఎందుకొచ్చిందని అడిగితే, "ఎవరికీ తెలీదమ్మా" అన్నాడు. అంత చదివినాయన తెలీదంటే నాలాంటిది ఎక్కడికి పోవాలి? మన బావి నీళ్లంటారు కొందరు. జీడితోటల్లో చల్లే మందంటారు కొందరు. ఆ బావి నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ తాగుతున్నాను. నన్ను తినక వాణ్ణెందుకు తింటుంది?

ఒక్కటి అడుగుతాను, నవ్వకు. నువ్వు ఎలుకల్ని కోసి చూస్తావు కదా. వాటికీ కిడ్నీలుంటాయి కదా. మన తోటలోవి కూడా ఈ ఊరి గాలిలోనే పుట్టాయి, ఈ నేల మీదే తిన్నాయి. ఏ ఎలుకకి బాగుందో, ఏ ఎలుకకి చెడిందో చూసి చెప్పు. బాగున్నది ఏం తింటుందో ఏం తాగుతుందో మావాడికి అదే పెడతాను. మనుషుల్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

మీ అత్త


మందస
30 ఆగస్టు 1999

అత్తా,

నవ్వలేదు. ఉత్తరం చదివి సీసాల్లో స్పిరిట్లో దాచినవన్నీ తీసి చూశాను. ఇదివరకు కడుపు చూసి పక్కన పడేసేదాన్ని.

కొండ మీద పట్టినవి అన్నీ మామూలుగా ఉన్నాయి. మన కొబ్బరి మొవ్వులో పట్టిన రెండింటివీ నున్నగా, చిక్కుడు గింజల్లా శుభ్రంగా ఉన్నాయి. పశువులశాల దగ్గరి పందికొక్కుల్లో ఒకదానికి మాత్రం ఒక కిడ్నీ పాలిపోయి గుంటలు పడింది. కానీ అది ముసలిది, పళ్లు అరిగిపోయాయి. ముసలి జంతువుకి అలా ఉండొచ్చు. ఒక్కదాన్ని చూసి ఏమీ అనకూడదు అత్తా.

చెట్టు మీదివాటి సంగతి తమాషాగా ఉంది. కడుపు నిండా లేతకొబ్బరే. తోకలు పొడుగు, అరికాళ్లు పట్టు దొరికేలా గరుకు. ఒక చెట్టు మట్ట మీంచి ఇంకో చెట్టు మట్ట మీదకి పోతాయి తప్ప నేల ముట్టవు. అంటే ఎత్తు ఒక్కటే తేడా చెయ్యదు. సముద్రం ఒడ్డున కూడా పైన ఒక ఊరు, కింద ఒక ఊరు. దాహమేస్తే బొండాం కొరుక్కుంటాయి. పుట్టాక మన బావి నీళ్లు చుక్క తాగి ఉండవు, అదృష్టవంతులు.

బావని విశాఖ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించండి. వానలు తెరిపి ఇస్తున్నాయని మేం రేపటినుంచి పైకి పోతున్నాం. శిఖరం దగ్గర చాలా రోజులుంటాం, ఉత్తరాలు కింద మందసలోనే ఆగిపోతాయి. ఆలస్యమైతే కంగారు పడకు.

కమల


గొర్లెపుట్టుగ
18 సెప్టెంబరు 1999

బంగారు తల్లీ కమలా,

నీ ఉత్తరం మీ బావకి, బేబికి చదివి వినిపించాను. ఒక్కదాన్ని చూసి అనకూడదన్న ముక్క కూడా చదివాను, దాచలేదు. అయినా నాకు తెలిసిపోయింది. కింద తాగింది పాడైంది, పైన తాగింది బాగుంది. ఇంత కళ్లెదురుగా ఉంటే మా బుర్రలకి తట్టలేదు.

ఆ రోజునుంచీ వాడికి బావి నీళ్లు బంద్. తెల్లారగానే కూర్మయ్య లేత బొండాలు దించుతాడు. దాహమంటే బొండాం. మాత్ర మింగాలంటే బొండాం. అన్నం కూడా ఆ నీళ్లతోనే ఉడికించమన్నాను గాని, తియ్యగా ఉంటే ఎవరు తింటారని బేబి ఒప్పుకోలేదు. "నాను కూడా సెట్టు మీదే ఉండిపోతానప్పా, కింద ఏటున్నాది" అంటాడు కూర్మయ్య. బొడ్డమ్మ వీధంతా చాటింది, "బుచ్చమ్మ మేనగోడలు ఎలుకల్ని కోసి మందు కనిపెట్టీసినాది" అని. ఇప్పుడు జబ్బున్న ఇళ్లన్నిటా బొండాలే. నీ పేరు చెప్పుకుని తాగుతున్నారు. నాకెంత గర్వంగా ఉందో.

మొహం తేటపడినట్టు కనిపిస్తోంది. నా కళ్లకే కనిపిస్తోందో నిజంగానో నువ్వొస్తే చూద్దువు. కాళ్లు మాత్రం బరువెక్కాయంటాడు, లేచేటప్పుడు గోడ పట్టుకుంటాడు. చేతివేళ్లు తిమ్మిరంటాడు. లోపలి చెడ్డ నీరు పోయేటప్పుడు అలా ఉంటుందేమో. ఉంటుందా? రాత్రంతా అదే ఆలోచన. విశాఖ సంగతి అంటే, "బాగైపోతన్నాను కదే, ఇప్పుడెందుకు" అన్నాడు. నేనూ ఊరుకున్నాను.

నీకు అక్కడ చలిగా ఉండి ఉంటుంది. చెవులకి గుడ్డ కట్టుకో.

మీ అత్త


మందస
21 అక్టోబరు 1999

అత్తా,

బొండాలు ఆపెయ్యి. ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచి బావకి ఒక్క గుక్క కూడా ఇవ్వొద్దు.

నీ సెప్టెంబరు ఉత్తరం నిన్ననే నా చేతికొచ్చింది. చదవగానే ఇక్కడి డాక్టరుకి చూపించి అడిగాను. కొబ్బరినీళ్లలో పొటాషియం అని ఒక ఉప్పుంటుంది. మామూలు మనిషికి అది మూత్రంలో పోతుంది. కిడ్నీ చెడినవాడికి పోదు, రక్తంలోనే పేరుకుంటుంది. కాళ్లు బరువు, వేళ్లు తిమ్మిరి దానివల్లే. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. వెంటనే విశాఖ తీసుకెళ్లండి. జీపు దొరక్కపోతే ఎడ్లబండి మీదైనా రైలు దాకా తీసుకెళ్లండి.

తుపానుకి ఫోన్లు పోయాయి. బస్సులు లేవు. నేనే రావాలి, లేవలేను. పైనుంచి నన్ను డోలీలో దించారు, ఎందుకన్నది తరవాత రాస్తాను. పైడిరాజు చేతికి ఇస్తున్నాను, సైకిలు మీద వస్తాడు.

వీధిలో మిగతావాళ్లకి కూడా చెప్పు. నేను అలా అనలేదని చెప్పు.

కమల


గొర్లెపుట్టుగ
27 అక్టోబరు 1999

కమలా,

పైడిరాజు వచ్చాడు. దారంతా చెట్లు పడి ఉంటే సైకిలు భుజాన మోసుకుని వచ్చాడు. ఆయన వచ్చేసరికి వాణ్ణి తీసుకెళ్లిపోయి ఒక రోజైంది.

తుపాను సంగతి నీకు తెలియనిది కాదు. మన తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బావిలోకి ఉప్పునీరు, చెత్త వచ్చిపడ్డాయి. తాగడానికి నేల మీద రాలిన బొండాలే. ఊరు ఊరంతా అవే తాగింది, నేనూ తాగాను. వాడికి అందరికంటే ఎక్కువ పోశాను. మిగతావాళ్లు తాగి తిరుగుతున్నారు. వాడు పొద్దున్న మంచం మీంచి కాలు కింద పెట్టలేకపోయాడు. "అమ్మా, కాళ్లు నా మాట ఇనడం నేదు" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. మంచంతో సహా మోసుకుపోయారు, పడ్డ చెట్ల మీంచి ఎత్తుకుంటూ. బేబి వెనకాల పరిగెత్తింది. నేను కొంతదూరం నడిచి కూలబడ్డాను.

నీ ఉత్తరం పైడిరాజు ముందే చదివాను. నాకు ఆ మూడో తరగతి కూడా లేకపోతే బాగుండేదమ్మా. చదివి మడిచి పెట్టి, ఆయనకి అన్నం పెట్టాను. నీకు మలేరియా అని ఆయనే చెప్పాడు. నన్ను కంగారు పెట్టకూడదనుకున్నావు. నేనూ నిన్ను అలాగే అనుకున్నాను.

నిన్న విశాఖ నుంచి కబురొచ్చింది. బతికాడట. మిషను మీద పెట్టి రక్తం కడిగారట. ఏం తాగించారని డాక్టరు అడిగితే బేబి చెప్పిందట. ఆయన ఏమన్నాడో కబురు తెచ్చినవాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

బొండాలు ఆపండని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాను. "మొన్న తాగమన్నావు, ఇయ్యాల ఒద్దంటన్నావు. మరి ఏటి తాగమంటావే? బావిలో పీనుగులు తేలతన్నాయి" అన్నారు.

చెట్ల మీది ఎలుకలు ఇళ్లలో పడ్డాయి. వాటికి నేల మీద నడవడం చేతకావడం లేదు, గోడ వార వార తడుముకుంటూ పోతున్నాయి. పట్టపగలే కనిపిస్తున్నాయి. బావి గట్టు మీద తడి నాకుతున్నాయి.

వాడు తిరిగొస్తే నీ దగ్గరికి పంపనా? కొండ నడిమి అడవిలో ఊటలున్నాయని పైడిరాజు చెప్పాడు. అక్కడి ఎలుకలు బాగున్నాయన్నావు. వాణ్ణి అక్కడ పెట్టుకుంటావా?

మీ అత్త


మందస
19 నవంబరు 1999

అత్తా,

జ్వరం తగ్గింది. బావని విశాఖ వెళ్లి చూసొచ్చాను. నన్ను చూడగానే, "వచ్చినావేటే డాక్టరమ్మా, కోసి సూసీ, సీసాలో ఎట్టీ" అన్నాడు. బేబి అతని నోరు మూసింది.

అదృష్టవంతులు అని రాశాను నేను. ఒక్కదాన్ని చూసి ఏమీ అనకూడదని పైన రాసి, కింద ఆ మాట అన్నాను. సరదాకి అన్నాను. నువ్వు ఆ ఉత్తరంలో ఏ మాట కోసం వెతుకుతావో తెలిసి కూడా అన్నాను. ఎలా క్షమించమనాలో తెలియడం లేదు.

బావని కొండ మీదకి తీసుకురావడం కుదరదు. మిషను విశాఖలోనే ఉంది, దానికి దూరంగా ఒక్క వారం ఉన్నా ప్రమాదం. ఇంకో సంగతి చెబుతాను. వానాకాలంలో నడిమి అడవి నుంచి ఆ పొడుగుతోక ఎలుకనొకదాన్ని దించి మందసలో నా గదిలో పెంచుదామని చూశాను. దాని కాయలు దానికే తెచ్చి పెట్టాను, కొమ్మలు కట్టాను, దాని వాగు నీళ్లే సీసాలో తెప్పించాను. పట్టుమని పది రోజులు బతకలేదు. కోసి చూశాను, ఒంట్లో ఏ లోపమూ కనపడలేదు. ఏది ఎక్కడ ఉంటుందో నేను చెప్పగలను అత్తా. అక్కడే ఎందుకు బతుకుతుందో, ఇంకోచోట ఎందుకు పోతుందో, ఇన్ని నెలలు కొలిచీ చెప్పలేకపోతున్నాను. ఇక మనిషి సంగతి నన్నడిగితే ఏం చెప్పను?

కమల


గొర్లెపుట్టుగ
28 డిసెంబరు 1999

అమ్మా కమలా,

నిన్ను తప్పు పట్టడానికి నాకు మనసు ఎక్కడిది? చెట్టు కింద నిలబడి దించమన్నది నేను. గ్లాసులో వంచి ఇచ్చింది నేను. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

వాడు ఇంటికొచ్చాడు. వారానికి రెండుసార్లు విశాఖ పోవాలి. సోంపేటలో రైలెక్కిస్తాం, బేబి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటాడు. మిషను మీద ఒక పూట, తిరిగొచ్చేసరికి రెండు రోజులు పోతాయి. మూడోరోజు కాళ్లు మళ్లీ ఉబ్బుతాయి. ఇలా ఎన్నాళ్లని అడిగితే, ఉన్నన్నాళ్లూ అన్నారు.

నీళ్లు రోజుకి ఇంతేనని గీత గీసిన గ్లాసు ఇచ్చారు. దాహం, దాహం. నాలిక ఎండి అంటుకుపోతుంది. తడిగుడ్డ పెదాలకి అద్దుతాను. నేను వాడి ఎదురుగా నీళ్లు తాగడం మానేశాను. పెరట్లోకి పోయి తాగుతాను.

పోయిన వారం రైలు టైముకి లేపితే లేవలేదు. "ఇంక ఎల్లనమ్మా" అన్నాడు. బేబి ఏడ్చింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. "ఆ రైల్లో సచ్చేకంటే ఇక్కడ నయం కదేటే" అన్నాడు. మళ్లీ రైలు రోజొచ్చింది, అప్పుడూ కదల్లేదు. బేబి అన్నదమ్ములొచ్చి బలవంతంగా ఎత్తబోతే, ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు వాళ్ల మీద కేకలేశాడు.

నిన్న నన్ను పిలిచి, "అమ్మా, బొండాం ఒకటి కొట్టీ" అన్నాడు. "అది విషం నాయినా" అన్నాను. "తెల్సు" అన్నాడు. "కమలికి రాసి అడుగుతాను, ఆగు" అన్నాను. "దానికేటి తెల్సే, అది ఎలుకల డాక్టరు" అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

అడుగుతున్నాను. ఇవ్వనా, వద్దా? కిందటిసారి నువ్వు చెప్పనిదాన్ని చెప్పావనుకుని చేశాను. ఈసారి విడమరిచి రాయి. ఏది రాస్తే అది చేస్తాను. తొందరగా రాయి.

మీ అత్త


మందస
5 జనవరి 2000

అత్తా,

నీ ఉత్తరానికి జవాబు రాసి రాసి చింపేశాను. ఇవ్వొద్దు అని ఒకటి రాశాను. చదివితే ఇంకా మిషనుకి వెళతాడన్న ఆశతో రాసినట్టుంది, ఆ ఆశ నాకు లేదు. ఇవ్వు అని ఒకటి రాశాను. దానికింద నా పేరు పెట్టలేకపోయాను. డాక్టరుని అడిగాను. ఆయన, "మిషను మానేశాడా?" అని అడిగి, అవునంటే నా భుజం మీద చెయ్యి వేశాడు.

నాకు తెలియదు అత్తా. నువ్వే చూసుకో. ఇలా రాస్తున్నందుకు నన్ను తిట్టుకో.

నేను వస్తున్నాను. పైన బోనులు తెరిచి ఉన్నాయి, వదిలేస్తే లోపల పడ్డవి ఆకలితో చచ్చిపోతాయి. ఎక్కి అన్నీ మూసి, శనివారం దిగి బస్సెక్కుతాను. బావతో చెప్పు. బేబిని కాస్త తిననివ్వు.

కమల


గొర్లెపుట్టుగ
7 జనవరి 2000

అమ్మా కమలా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేకపోయాను. నువ్వు వద్దని రాసి ఉంటే, అది ఈ ఇంటికి చేరకుండానే తప్పిపోయిందని అనుకో.

నిన్న పొద్దున్న కూర్మయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మీ బావ అడిగిన సంగతి వాడికి ఎవరు చెప్పారో. తుపానుకి మిగిలిన చెట్టెక్కి ఒక్క కాయ దించాడు. కొట్టి నా చేతికిచ్చి పోయాడు. బేబి నన్ను చూసింది. వద్దంటుందేమోనని చూశాను. లోపలికి పోయి తలగడ తెచ్చి వాడి వీపు వెనక పెట్టింది.

గ్లాసులో వంచబోతే వద్దన్నాడు, కాయతోనే కావాలన్నాడు. నేను పట్టుకున్నాను. సగం తాగాడు. గడ్డం మీంచి కారింది. "తియ్యగున్నాది" అన్నాడు. మిగిలింది నా వైపు తోసి, "నువ్వు తాగే, ఎన్నాళ్లయిందో నా ముందు తాగి" అన్నాడు. తాగాను. వాడు చూస్తుండగా తాగాను.

కాసేపటికి, "కమలి ఇంకా ఆ కొండ మీదే ఉన్నాదా?" అని అడిగాడు. ఉందన్నాను. "పైన సలెక్కువంట" అన్నాడు. తరవాత కళ్లు మూసుకున్నాడు. ఇప్పటికీ అలాగే ఉన్నాడు. పిలిస్తే ఊ అంటున్నాడు. ఊపిరి గరగరలాడుతోంది. నేను పక్కనే కూచుని రాస్తున్నాను, మధ్యలో ఆగి చెయ్యి పెట్టి చూస్తున్నాను.

నువ్వు రా. వచ్చేసరికి ఉంటాడో ఉండడో నాకు చెప్పడం చేతకాదు. పలాసలో బస్సు మారేటప్పుడు కిటికీ పక్కన కూచోకు, గాలి తగిలితే ఆ జ్వరం తిరగబెడుతుంది. రగ్గు కప్పుకో. కొండ దిగేటప్పుడు రాళ్లు తడిగా ఉంటాయి, పైడిరాజు చెయ్యి పట్టుకో. తొందరగా రా, కానీ పరిగెత్తకమ్మా.

మీ అత్త
బుచ్చమ్మ